కోహాకు: రెండు రంగుల చేపలో ఏం చూడాలి?

2018 అక్టోబరులో జపాన్‌లోని హిరోషిమాలో ఒక చేప 20.3 కోట్ల యెన్‌లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకం రేటులో అది సుమారు 13 కోట్ల రూపాయలు. వేలంలో దాన్ని దక్కించుకున్నది తైవాన్ నుంచి వచ్చిన కొనుగోలుదారు. ఆ చేప పేరు 'ఎస్ లెజెండ్', పొడవు 101 సెంటీమీటర్లు. అంతకు ముందు ఏడాది జపాన్ జాతీయ కోయి పోటీల్లో అత్యున్నత బహుమతి అందుకుంది. దానికి బంగారు పొలుసులు లేవు, వింత ఆకారం లేదు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు, అంతే.

మన దగ్గర ఈ వార్త వింత వార్తల్లో వచ్చి వెళ్లిపోయింది. ధర తెలిసింది కానీ ఆ ధర పెట్టినవాళ్లు ఆ చేపలో ఏం చూశారన్నది మాత్రం తెలియలేదు. తెలుపు మీద ఎరుపు ఉండే ఈ రకాన్ని జపాన్‌లో కోహాకు అంటారు. 'కో' అంటే ఎరుపు, 'హాకు' అంటే తెలుపు. ఈ రెండు రంగుల జంట అక్కడ శుభానికి గుర్తు. వేడుకల్లో కట్టే తెరలకూ ఇవే రంగులు. ఏటా డిసెంబరు 31 రాత్రి ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసే పాటల పోటీ పేరు కూడా ఇదే. 1951లో మొదలైన ఆ కార్యక్రమంలో గాయనులది ఎర్ర జట్టు, గాయకులది తెల్ల జట్టు.

కోయి రకాలు వందకు పైగా ఉన్నాయంటారు. వాటిలో పెద్ద పీట మూడింటికి. తెలుపు మీద ఎరుపు ఉంటే కోహాకు. దానికి చిన్న నల్ల మచ్చలు తోడైతే తైషో సాంకె. నలుపే నేలగా, దాని మీద ఎరుపూ తెలుపూ ఉంటే షోవా. ఈ మూడింటినీ కలిపి 'గొసాంకె' అంటారు. తొకుగావా షోగన్ల వంశంలోని మూడు ప్రధాన శాఖల కుటుంబాలకు ఉన్న పేరు అది. కోయి పెంపకం కోహాకుతో మొదలై కోహాకుతోనే ముగుస్తుందని పెంపకందారుల్లో ఒక నానుడి ఉంది. కొత్తవాళ్లు తేలిగ్గా గుర్తుపట్టగలరు కాబట్టి దాన్నే కొంటారు. తర్వాత ఆకర్షణ ఎక్కువున్న రకాల వెంట పడతారు. ఇరవై ఏళ్లు గడిచాక మళ్లీ దీని దగ్గరికే వస్తారు. ఎందుకంటే సాంకెలో తెలుపు కాస్త మాసినా మంచి నల్లమచ్చ ఒకటి చూపును తనవైపు తిప్పుకుంటుంది. కోహాకులో ఆ వెసులుబాటు లేదు. ఉన్నవి రెండే రంగులు కాబట్టి ఏ లోపమూ దాగదు.

మంచు కొండల్లో పుట్టిన రంగు

'కోయి' అంటే జపనీస్‌లో కార్ప్ చేప అనే అర్థం. అలంకారానికి పెంచే రకాల అసలు పేరు నిషికిగొయి. 'నిషికి' అంటే రంగురంగుల జరీ నేత పట్టు. ఈ చేప పుట్టిల్లు నీగాతా రాష్ట్రంలోని కొండ ప్రాంతం, ముఖ్యంగా యమకోషి, ఒజియా చుట్టుపక్కల ఊళ్లు. చలికాలంలో అక్కడ మూడు మీటర్లకు మించి మంచు పేరుకుంటుంది. నెలల తరబడి దారులు మూసుకుపోయేవి. కొండవాలులో మెట్లు మెట్లుగా వరి మళ్లు, వాటికి నీరందించడానికి పైన చిన్న చిన్న చెరువులు ఉండేవి. ఆ చెరువుల్లో రైతులు తినడానికి నల్ల కార్ప్‌లను పెంచేవారు. మంచు కురిసే నెలల్లో మాంసకృత్తులకు అదొక ఆధారం.

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ నల్ల చేపల మధ్య అక్కడక్కడా రంగున్న పిల్లలు కనిపించాయి. ఒకదానికి చెంప ఎర్రగా ఉంటే మరొకదానికి పొట్ట ఎర్రగా ఉండేది. రైతులు వాటిని వండుకోకుండా విడిగా ఉంచి ఒకదానితో ఒకటి జత కలిపారు. జన్యుశాస్త్రం అనే మాట పుట్టడానికి చాలా ముందే జరిగిన పని ఇది. ఇప్పుడు మనం కోహాకు అంటున్న రూపం 1880ల చివర్లో స్థిరపడిందని, ఆ పని కునిజో హిరోయి అనే పెంపకందారుదని చెబుతారు. ఆయన చేపలను 'గొసుకె కోహాకు' అన్నారు. గొసుకె అన్నది ఆ ఇంటికి ఉన్న వాడుక పేరు. ఊళ్లో సగం మందికి ఒకే ఇంటిపేరు ఉన్నప్పుడు ఒక్కో ఇంటినీ ఇలా వేరే పేరుతో పిలుచుకోవడం అక్కడి అలవాటు. తర్వాత వచ్చిన తొమోయిన్, సెన్సుకె, యగొజెన్, మంజో అనే పేరున్న కోహాకు వంశాలకూ పెంపకందారుల పేర్లే స్థిరపడ్డాయి.

1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనకు ఈ ఊళ్లవాళ్లు తమ చేపలను తీసుకువెళ్లారు. కొండలు దాటని ఒక సరదా దేశమంతటికీ తెలిసింది అక్కడే.

ముందు ఒళ్లు, చివర్న మచ్చలు

కోహాకును చూసే ఎవరి కన్నయినా మొదట ఎర్ర మచ్చల అమరిక మీదే పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని చివర్లో చూస్తారు. పోటీల్లో చేపను నీలిరంగు తొట్టిలో వదిలి పై నుంచి చూస్తారు. పక్క నుంచి చూడరు. నిషికిగొయి పుట్టింది మట్టి చెరువుల్లో, గట్టు మీద నిలబడి చూసే కళ్ల కోసం. దాని అందమంతా వీపు మీదే ఉంటుంది.

మొదట చూడాల్సింది ఒళ్లు. తల నుంచి తోక దాకా చేప నిటారుగా ఉండాలి. భుజాల దగ్గర నిండుగా ఉండి తోక వైపు క్రమంగా సన్నబడాలి. తోక మొదలు బలంగా ఉండాలి. పొట్ట ఉబ్బి పక్కలకు పొడుచుకురాకూడదు. పెద్ద పోటీల్లో గెలిచేవి దాదాపు ఎప్పుడూ ఆడ చేపలే. మగవి సన్నగా ఉంటాయి. వాటి ఎరుపు చిన్నతనంలోనే చిక్కబడుతుంది, కానీ ఆ నిండుతనం రాదు. ఈదేటప్పుడు రెండు పక్కల రెక్కలూ సమంగా ఆడుతున్నాయా, ఒంట్లో ఎక్కడైనా వంకర ఉందా అన్నది కూడా ఇక్కడే చూస్తారు. ఒళ్లు బాగాలేని చేపకు ఎంత చక్కటి మచ్చలున్నా పెద్ద బహుమతి రాదు.

తర్వాత తెలుపు. కోహాకులో నిజమైన కష్టం ఎరుపుది కాదు, తెలుపుదని నా అభిప్రాయం. ఉడకబెట్టి ఒలిచిన కోడిగుడ్డులా ఉండాలని జపాన్‌వాళ్లు పోలిక చెబుతారు. అంటే సున్నంలా పొడిగా కాకుండా లోపల్నుంచి మెరుస్తున్నట్టు ఉండాలి. తల మీద తెలుపు పసుపు డాగు పట్టకూడదు. చిన్న నల్లటి చుక్కలు ఉండకూడదు. వాటిని 'షిమి' అంటారు, నీటి గుణం సరిపడనప్పుడు ఇవి తేలతాయి. రంగును పెంచే మేత అతిగా పెడితే ఎరుపుతో పాటు తెలుపు కూడా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇది తరచూ జరిగే పొరపాటు. ఎరుపు మీద ఆశతో తెలుపును పోగొట్టుకుంటారు.

ఇక ఎరుపు. పెంపకందారులు దీన్ని 'హి' లేదా 'బెని' అంటారు. ఇందులో రెండు ధోరణులు ఉన్నాయి. ఒకటి కాషాయం వైపు మొగ్గే ఎరుపు. అది సమంగా పరుచుకుంటుంది, మెరుపు ఉంటుంది. రెండోది ఊదా వైపు మొగ్గే ముదురు ఎరుపు. అది త్వరగా వెలిసిపోదు కానీ కాస్త ముతకగా, మొరటుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దుకాణంలో రెండోదాన్నే ఎంచుకుంటారు, కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి. పోటీల్లో మొదటిదానికే విలువ. ఏ ఎరుపైనా తల నుంచి తోక దాకా ఒకే చిక్కదనంతో ఉండాలి. పలచబడిన చోట పొలుసులు విడివిడిగా లెక్కపెట్టేలా కనిపిస్తాయి. అది లోపం. ఎర్ర మచ్చ మధ్యలో ఒక్క తెల్ల పొలుసు తొంగిచూసినా దాన్ని 'కిటికీ తెరుచుకుంది' అంటారు.

చేప వయసునూ రాబోయే కాలాన్నీ చెప్పేవి మచ్చల అంచులు. పెంకుటింటి కప్పును గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెంకులు ఒకదాని మీద ఒకటి కప్పుకున్నట్టే చేప పొలుసులు ముందు నుంచి వెనక్కి ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. ఎర్ర మచ్చ మొదలయ్యే ముందు అంచులో తెల్ల పొలుసులు ఎర్ర పొలుసుల మీద పడతాయి. ఆ తెలుపు గుండా కింది ఎరుపు మసకగా, నీలి గులాబీ ఛాయలో కనిపిస్తుంది. ఈ మసక పట్టీని 'సాషి' అంటారు. మచ్చ ముగిసే వెనక అంచులో ఎర్ర పొలుసులే పైన ఉంటాయి. అందుకని అక్కడ గీత కత్తితో కోసినట్టు తేటగా రావాలి. దాన్ని 'కివా' అంటారు. కొన్ని చేపల్లో ఈ గీత పొలుసుల ఆకారంలో వంపులు వంపులుగా ఉంటుంది, కొన్నింటిలో మంగలి కత్తి పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. రెండూ మంచివే, ఒకే చేపలో రెండూ కలగాపులగం కాకపోతే చాలు.

ముందు అంచు మసకగా ఉండటం చిన్న చేపలో లోపం కాదు. చర్మం మందంగా ఉంది, రంగు ఇంకా పైకి రావాల్సి ఉంది అనడానికి అది గుర్తు. వయసు వచ్చేకొద్దీ ఆ పట్టీ సన్నబడుతుంది. రెండేళ్లకే అంచులన్నీ పదునుగా, ఎరుపు పూర్తిగా చిక్కబడి కనిపించే చేప అప్పటికే తన అందానికి చివరకు వచ్చేసి ఉండవచ్చు. బేరంలో ఇది ముఖ్యమైన సంగతి. ఇవాళ అందంగా ఉన్న పిల్లకు ఒక ధర, రేపు అందంగా తయారయ్యే పిల్లకు ఇంకో ధర. రెండో రకాన్ని 'తతెగొయి' అంటారు, నిలబెట్టి పెంచదగిన చేప అని. గొప్ప పెంపకందారుల పేరు నిలిచేది దీన్ని గుర్తుపట్టడంలోనే.

ఇవన్నీ చూశాకే మచ్చల అమరిక. తల మీద ఎరుపు తప్పనిసరి. కళ్ల మధ్య దాకా దిగి ఆంగ్ల అక్షరం 'యు'లా గుండ్రంగా ఆగితే మేలు, ముక్కు తెల్లగా మిగలాలి. తల బోడిగా ఉంటే పెద్ద లోపం. ముఖమంతా ఎరుపు కమ్మేసినా లోపమే. వీపు మీద ఎర్ర మచ్చలు రెండుంటే 'నిదాన్', మూడైతే 'సాందాన్', నాలుగైతే 'యొందాన్'. తల నుంచి తోక దాకా ఒకే మచ్చ మెరుపు తీగలా వంకర్లు తిరిగితే 'ఇనజుమ', అంటే మెరుపు. వంకర లేకుండా ఒకే చారగా సాగితే దానికి పెద్ద విలువ లేదు. తల మీది ఎరుపు వీపు మచ్చలకు అంటకుండా గుండ్రంగా నిలిస్తే 'మారుతెన్'. ఒళ్లంతా తెల్లగా ఉండి తల మీద ఒక్క గుండ్రటి ఎర్రబొట్టు ఉంటే 'తాంచో'. జపాన్ కొంగకు ఉండే ఎర్ర తలపాగా పేరు అది. తాంచోను ఇప్పుడు పోటీల్లో వేరే రకంగా లెక్కిస్తారు. చూసే జపాన్‌వాళ్లకు తమ జెండా కూడా గుర్తొస్తుంది కాబట్టి దానికి ఆదరణ ఎక్కువ.

ఎరుపు పక్కలకు మరీ కిందికి జారకూడదు, రెక్కల్లోకి పాకకూడదు. తోక మొదలుకు కాస్త ముందు ఎరుపు ఆగిపోయి రెండు వేళ్ల వెడల్పు తెలుపు మిగలాలి. వాక్యం చివర చుక్క పెట్టినట్టు. మొత్తం మీద ఒంట్లో సగం నుంచి 70 శాతం దాకా ఎరుపు ఉంటే సమతూకం అంటారు. అయితే కొలబద్దతో చూసి బహుమతి ఇవ్వరు. ఎడమ భుజం మీద మచ్చ ఉంటే వెనక కుడి వైపు దానికి జవాబు ఉందా అని చూస్తారు. రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఉన్న అమరిక ఎవరినీ పెద్దగా ఆకట్టుకోదు.

లక్షల్లో ఒకటి

ఇన్ని లక్షణాలూ ఒకే చేపలో కుదరాలంటే ఎన్ని చేపలు పుట్టాలి? ఆడ కార్ప్ కిలో బరువుకు సుమారు లక్ష గుడ్లు పెడుతుంది. పెద్ద తల్లి చేప ఒకేసారి పెట్టేవి లక్షల్లోనే. కానీ మచ్చల అమరిక తల్లిదండ్రుల నుంచి అలాగే దిగిరాదు. పోటీల్లో గెలిచిన జంటకు పుట్టిన పిల్లల్లో కూడా మొత్తం తెల్లగా, మొత్తం ఎర్రగా, వంకర ఒంటితో ఉన్నవే ఎక్కువ. వసంతం చివర్లో గుడ్లు పెట్టించాక, పిల్లలకు ఒకటిన్నర, రెండు నెలలు వచ్చేసరికి తొలి ఏరివేత మొదలవుతుంది. షోవా పిల్లలను పొదిగిన కొద్ది రోజులకే రంగును బట్టి ఏరేయొచ్చు. కోహాకులో ఎరుపు స్పష్టంగా కనిపించేదాకా ఆగాలి. తర్వాత వేసవంతా రెండో, మూడో ఏరివేతలు. మిగిలేది వందకు ఒకటో రెండో.

ఏరిపారేసిన వాటిలో ఎక్కువ భాగాన్ని చంపేస్తారు. తళతళలాడే ప్రచార పుస్తకాల్లో ఈ మాట ఉండదు. చేపల అందం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని దాటవేయడం నాకు సరిగా అనిపించదు. ఆ ఒక్క వీపు మీది తెలుపుకు చెల్లించిన ధరలో ఇదీ ఒక భాగం.

మిగిలినవాటిని మంచు కరిగాక కొండల మీది మట్టి చెరువుల్లోకి వదులుతారు. అక్కడి బంకమన్ను, నాచు, పురుగులు కలిసి ఒంటికీ రంగుకూ చేసే మేలు సిమెంటు తొట్లలో రాదు. ఎరుపుకు కారణమైన కెరొటినాయిడ్ రంగులను చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు. తిండి నుంచే రావాలి. అందుకే మేతలో స్పిరులినా, అస్టాక్సాంథిన్ కలుపుతారు. అక్టోబరులో చెరువులు ఖాళీ చేసి చేపలను పైకి తీస్తారు. ఆర్నెల్లుగా బురద నీటిలో కనిపించకుండా పెరిగిన చేప ఎలా మారిందో తెలిసేది ఆ రోజే. ప్రపంచం నలుమూలల నుంచీ కొనుగోలుదారులు నీగాతాకు వచ్చేదీ అప్పుడే.

ఊరు చిన్నదైంది, చేప పెద్దదైంది

2004 అక్టోబరు 23న సరిగ్గా ఆ కాలంలోనే చూయెత్సు భూకంపం వచ్చింది. కొండచరియలు విరిగి యమకోషికి వెళ్లే దారులన్నీ తెగిపోయాయి. సుమారు 2 వేల మంది ఉన్న ఊరినంతా హెలికాప్టర్లలో ఖాళీ చేయించారు. చెరువులు బీటలు వారి నీళ్లు పోయాయి, కరెంటు లేక తొట్లలో గాలి పంపులు ఆగిపోయాయి, చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. తల్లి చేపల్లో బతికినవాటిని తర్వాత హెలికాప్టర్లలో కిందికి దింపారు. తరతరాల వంశం ఆ తల్లి చేపల్లోనే ఉంది మరి. పోతే మళ్లీ కొనడానికి ఎక్కడా దొరకదు. తర్వాతి ఏడాది యమకోషి నగఓకా నగరంలో కలిసిపోయింది. ఊరు విడిచిన కుటుంబాల్లో చాలా వాటికి తిరిగి వచ్చే వీలు లేకపోయింది.

నీగాతా రాష్ట్రం 2017లో నిషికిగొయిని తన అధికారిక అలంకార చేపగా ప్రకటించింది. మంచు నీటి మీద ఆధారపడిన అక్కడి వరి, కోయి సాగు పద్ధతికి అదే ఏడాది జపాన్ ప్రభుత్వం జాతీయ వ్యవసాయ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ఊరి జనాభా మాత్రం తగ్గుతూనే ఉంది. 2021 నాటికి యమకోషిలో ఉన్నది సుమారు 800 మంది. ఆ డిసెంబరులో ఊరివాళ్లు నిషికిగొయి బొమ్మలతో ఎన్‌ఎఫ్‌టీలు విడుదల చేశారు. కొన్నవాళ్లకు 'డిజిటల్ గ్రామస్తులు' అనే హోదా ఇచ్చారు. కొన్నాళ్లకు అసలు జనాభా కంటే డిజిటల్ గ్రామస్తులే ఎక్కువయ్యారు.

చేప మార్కెట్ మాత్రం పెరిగింది. 2022లో జపాన్ 630 కోట్ల యెన్‌ల విలువైన కోయిలను ఎగుమతి చేసింది. అందులో దాదాపు ఐదో వంతు చైనాకే. 2023 ఆగస్టులో ఫుకుషిమా అణు కేంద్రంలో శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదిలాక చైనా జపాన్ సముద్ర ఉత్పత్తులను నిషేధించింది. అక్టోబరు చివర్లో కోయి ఎగుమతి కేంద్రాల అనుమతుల గడువు తీరితే వాటినీ పొడిగించలేదు. సముద్రానికి దూరంగా, కొండల మీది మంచినీటి చెరువులో పెరిగే చేపకు సముద్ర నీటి తగువు అంటుకుంది.

వ్యాధి భయమూ ఉంది. కోయి హెర్పిస్ వైరస్ 1990ల చివర్లో బయటపడింది. 2003లో జపాన్‌లోని కసుమిగఔరా సరస్సులో తినే కార్ప్‌లు భారీగా చనిపోయాయి. ఈ వైరస్ ఒక్కసారి చెరువులోకి వస్తే వంశాలే తుడిచిపెట్టుకుపోతాయి. కొత్త చేపను కొన్ని వారాలు విడిగా ఉంచకుండా పాతవాటిలో కలపకూడదన్నది అందుకే.

మన చెరువుల్లో దీని చుట్టం

కోయి మనకు పరాయి చేపేమీ కాదు. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో బొచ్చె, రవ్వలతో పాటు పెరిగే బంగారు తీగ కూడా కార్ప్ చేపే, కోయికి దగ్గరి చుట్టం. మూతి దగ్గర మీసాలు, అడుగున బురదను కెలికే అలవాటు రెండింటికీ ఒకటే. ఆ అలవాటు వల్లే దీన్ని పెంచేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. తొట్టిలో పట్టనంత పెరిగిందని కోయిని తీసుకెళ్లి ఊరి చెరువులోనో వాగులోనో వదలకూడదు. కశ్మీర్‌లో కార్ప్‌లను వదిలాక దాల్ సరస్సులోని స్థానిక చేపలు ఎంత దెబ్బతిన్నాయో మన మత్స్య శాస్త్రవేత్తలు రాసే ఉన్నారు.

చెన్నైలోని కొళత్తూరు లాంటి చోట్ల పెంచిన కోయిలు మన అక్వేరియం దుకాణాలకు వస్తుంటాయి. వాటిలో తెలుపు ఎరుపు పిల్లలు వంద రూపాయలకూ దొరుకుతాయి. అద్దాల తొట్టిలో పక్క నుంచి చూస్తే కోహాకు గురించి ఏమీ తెలియదు. దుకాణదారును అడిగి వెడల్పాటి టబ్బులో పోయించుకుని పై నుంచి చూడాలి. ముందు వెన్ను నిటారుగా ఉందా చూసి, తర్వాత తల మీది తెలుపు చూసి, ఆపైన మచ్చ వెనక అంచు చూడాలి. వీలైతే డిసెంబరు, జనవరిల్లో వెళ్లడం మేలు. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ఎరుపు చిక్కగా కనిపిస్తుంది, మన మే నెల ఎండల్లో అదే చేప నారింజ రంగుకు తిరిగి ఉంటుంది. పిల్ల అరచేతి కంటే చిన్నదిగా ఉన్నప్పుడు కొంటున్నామంటే అది అరమీటరు దాటి పెరుగుతుందని, దానికి గజానికి పైగా లోతున్న కొలను కావాలని ముందే లెక్క వేసుకోవాలి.